మూడో కాపీ: ఒక సముద్రపు పురుగు కథ

పోయినేడాది మా ప్రాజెక్టులో ఒక తలనొప్పి వచ్చిపడింది. ఒకే మాడ్యూల్‌ని ఎనిమిదేళ్ళ క్రితం రెండు టీములు పంచుకుని, ఎవరి దారిన వాళ్ళు మార్చుకుంటూ పోయారు. ఇప్పుడు ఒకచోట వడ్డీ లెక్క ఒకలా వస్తుంది, ఇంకోచోట ఇంకోలా వస్తుంది. డిఫ్ తీస్తే తేడా అయితే కనబడుతోంది గానీ, మొదట్లో అసలు ఎలా ఉండేదో చెప్పే నాథుడు లేడు. పాత రిపాజిటరీ సర్వర్లు మార్చినప్పుడే పోయింది. మీరు మార్చారంటే మీరు మార్చారని రెండు టీముల మధ్య మెయిళ్ళ యుద్ధం. చివరికి ఎవరికో గుర్తొచ్చింది, ఒక చిన్న కస్టమర్ దగ్గర మొదటి వెర్షనే ఇంకా నడుస్తోందని. పాపం, డబ్బుల్లేక అప్‌గ్రేడ్ చేయించుకోలేదు. ఆ మూడో కాపీ తెప్పించుకుని చూస్తే గానీ తెలియలేదు, సగం తేడాల్లో మార్చింది మేమేనని!

ఈ గొడవ జరుగుతున్న రోజుల్లోనే, రాత్రిళ్ళు నిద్రపట్టక ఏదో చదువుతూ ఒక పురుగు దగ్గర ఆగిపోయాను. దాని పేరు ప్లాటీనెరీస్ డ్యుమెరిలీ. జీవశాస్త్రంలో అచ్చం ఇలాంటి మూడో కాపీ పాత్ర దానిది. నేను ఈ సబ్జెక్టులో పండితుణ్ణి కాదు, ఇంజనీరింగ్ వెలగబెట్టినవాణ్ణి. కాబట్టి తెలిసినంతవరకే చెప్తాను.

ఇంటర్లో బైపీసీ చదివినవాళ్ళకి నీరిస్ గుర్తుండే ఉంటుంది. ఒళ్ళంతా వలయాలు, ఒక్కో వలయానికి అటూ ఇటూ తెడ్ల లాంటి కాళ్ళు. నేను ఎంపీసీ అయినా మా చెల్లి రికార్డుకి బొమ్మలు వేసిపెట్టే పని నా నెత్తిన పడేది కాబట్టి ఆ తెడ్లన్నిటికీ చుక్కలు పెట్టి షేడింగ్ చేసిన అనుభవం నాకూ ఉంది. ప్లాటీనెరీస్ దానికి దగ్గరి చుట్టం. కొద్ది సెంటీమీటర్ల పొడవు. ఐరోపా తీరాల్లో, ముఖ్యంగా మధ్యధరా సముద్రంలో, లోతు తక్కువ ఉన్నచోట నాచు మధ్య సన్నటి గొట్టం లాంటి గూడు కట్టుకుని అందులో బతుకుతుంది. వానపాము, జలగ కూడా ఈ వంశంలోవే.

సరే, కథ మొదలయ్యేది పారిస్‌లో.

1822లో జెఫ్రువా సాంత్-ఇలేర్ అనే పెద్దాయన ఒక సముద్రపు రొయ్యని (లోబ్‌స్టర్ అంటారే, అది) కోసి వెల్లకిలా పెట్టి చూశాడు. రొయ్యలకీ పురుగులకీ ముఖ్యమైన నాడీదండం పొట్ట వైపు ఉంటుంది, పేగు దాని పైన ఉంటుంది. మనకేమో వెన్నుపాము వీపు వైపు, పేగు పొట్ట వైపు. వెల్లకిలా తిప్పిన రొయ్యలో ఈ అమరిక మనతో సరిపోయింది! అంటే మనం తిరగేసిన రొయ్యలమా? అందరూ నవ్వారు. క్యువియే అయితే మండిపడ్డాడు. జంతువులు నాలుగు వేరువేరు పెద్ద శాఖలు, ఒకదానికీ ఇంకోదానికీ పోలిక వెతకడమే తప్పు అని ఆయన సిద్ధాంతం. 1830లో అకాడమీలో ఇద్దరికీ బహిరంగంగా వాదన జరిగింది. ఆ ఏడాదే పారిస్‌లో విప్లవం వచ్చింది. ఒక మిత్రుడు ఆ ఊసెత్తితే, ముసలి గోథే మాత్రం విప్లవం సంగతి అటుంచి ఈ వాదన గురించే ఉద్రేకపడిపోయాడట. ఆ రోజుకి గెలిచినవాడు క్యువియే అనే అందరూ అనుకున్నారు.

అదే నగరంలో, అదే దశాబ్దంలో, ఓదువాన్, మిల్న్-ఎడ్వర్డ్స్ అనే ఇద్దరు ప్రకృతి శాస్త్రవేత్తలు ఫ్రాన్సు తీరపు పురుగులకి పేర్లు పెట్టుకుంటూ కూర్చున్నారు. ఆ జాబితాలో మన పురుగూ ఒకటి. జెఫ్రువా ప్రశ్నకి ఎప్పుడో ఇది సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని వాళ్ళు కలలో కూడా అనుకుని ఉండరు.

ఒక విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. క్యువియే వలయాల పురుగుల్నీ, కీటకాల్నీ ఒకే శాఖలో పెట్టాడు. రెండింటి ఒళ్ళూ ముక్కలు ముక్కలుగా అతికించినట్టుంటాయి కదా అని. వినడానికి సబబుగానే ఉంది. అందుకే ఆ పొరపాటు నూట డెబ్భై ఏళ్ళకి పైగా నిలబడింది.

తర్వాతి మజిలీ అమెరికా, వుడ్స్ హోల్. 1888లో అక్కడ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాల పెట్టారు. ఎడ్మండ్ విల్సన్ అక్కడ నీరిస్ గుడ్లని మైక్రోస్కోపు కింద పెట్టుకుని, ఒక కణం రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై... ప్రతి కణానికీ ఒక పేరు పెట్టి, ఏ కణం పోయి పోయి శరీరంలో ఏ భాగం అవుతుందో రాసుకుంటూ పోయాడు. 1892లో అచ్చయింది. వంశవృక్షం అంటే మనుషులకే అనుకుంటాం, ఈయన కణాలకి రాశాడు. ఆశ్చర్యం ఏంటంటే, నత్త గుడ్లతో ఇదే పని చేసిన కాంక్లిన్ కాగితాలు పక్కన పెట్టుకుని చూస్తే ఇద్దరివీ చాలావరకు కలిసిపోయాయి. నత్తకీ పురుగుకీ పైకి పోలికే లేదు, మొదలుపెట్టిన తీరు మాత్రం ఒకటే.

అలా చూస్తే ఇరవయ్యో శతాబ్దపు హీరో ఈ సముద్రపు పురుగే కావాలి. కాలేదు. ఎందుకు కాలేదో చూస్తే నవ్వొస్తుంది. విల్సనే 1904లో కొలంబియా విశ్వవిద్యాలయానికి ఒక మిత్రుణ్ణి పిలిపించుకున్నాడు. ఆయన పేరు థామస్ మోర్గాన్. ఆయన అరటిపండ్లు పెట్టి సీసాల్లో ఈగల్ని పెంచాడు, 1910లో తెల్లకళ్ళ ఈగ దొరికింది, ఇక మిగతాదంతా చరిత్ర. ఈగకి పది పన్నెండు రోజులకో తరం. సముద్రపు పురుగుకి నెలలు. ఉప్పునీళ్ళు కావాలి, నాచు కావాలి. మేనేజర్ ఎవరైనా దేన్ని ఎంచుకుంటాడు?

1963లో సిడ్నీ బ్రెన్నర్ ఇంకా తేలికైనది వెతికాడు. సి. ఎలిగాన్స్ అనే నులిపురుగు. మూడు రోజులకో తరం. ఒంట్లో వెయ్యి కణాలు కూడా ఉండవు, వాటిలో 302 నాడీకణాలు. వాటి వైరింగ్ మొత్తం 1986కల్లా గీసేశారు. 1998లో దాని జన్యుపటం, 2000లో ఈగ జన్యుపటం పూర్తయ్యాయి. అద్భుతమైన పని, ఎవరూ కాదనరు. కానీ ఈ రెండింటినీ ఎంచుకున్న కారణాలు చూడండి: త్వరగా పెరగాలి, చిన్నగా ఉండాలి, సరళంగా ఉండాలి. ఏ జీవి అలా అయింది అంటే, ఉన్న కోడ్‌ని కత్తిరించి, అక్కర్లేనివి పీకేసి, బాగా ఆప్టిమైజ్ చేసుకున్నదే కదా! పాత కోడ్ ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే అలాంటి కాపీని అడిగి లాభమేంటి?

ఈలోగా జర్మనీలో ఒకాయన ఉన్నాడు. నాకు ఈ మొత్తం కథలో ఇష్టమైన మనిషి ఈయనే. కార్ల్ హవెన్‌షీల్డ్. 1953లో ప్లాటీనెరీస్‌ని ప్రయోగశాలలో పెంచడం మొదలుపెట్టాడు. ఆయన్ని పట్టి ఊపింది పరిణామం కాదు, చంద్రుడు.

ఈ పురుగు బతుకు కాస్త విచిత్రం. నెలల తరబడి గొట్టంలో కూర్చుని తిని పెరుగుతుంది. వయసొచ్చాక ఒళ్ళు మొత్తం మారిపోతుంది. ఆడవి గుడ్లతో పసుపు రంగుకి తిరుగుతాయి, మగవి ముందు భాగం తెల్లగా వెనక ఎర్రగా అవుతాయి. కళ్ళు పెద్దవవుతాయి, పేగు పనికిరాకుండా పోతుంది. ఇక తిండి లేదు. ఒక రాత్రి గూడు వదిలి నీటిపైకి ఈదుకొచ్చి, జత చుట్టూ గుండ్రంగా తిరుగుతూ గుడ్లూ వీర్యం నీళ్ళలో వదిలేసి చచ్చిపోతాయి. జీవితంలో ఒక్కసారే. మరి ఆ ఒక్కసారీ అటువైపు వాళ్ళు రాకపోతే? అందుకని చంద్రుణ్ణి చూసి ముహూర్తం పెట్టుకుంటాయి. పౌర్ణమి రోజుల్లో దాదాపు ఎవరూ రారు, అమావాస్య దాటిన రోజుల్లో గుంపులు గుంపులుగా వస్తాయి. మనవాళ్ళు పంచాంగం చూసినట్టన్నమాట :)

హవెన్‌షీల్డ్ నిజం చంద్రుణ్ణి తీసేసి, నెలకి కొన్ని రాత్రులు గదిలో ఒక చిన్న మసక లైటు వెలిగించాడు. పురుగులు ఆ లైటునే చంద్రుడనుకుని దాని ప్రకారం ముహూర్తం పెట్టుకున్నాయి. ఇంకా విశేషం, ఆ లైటు ఆపేసినా కొన్ని నెలల పాటు అదే లెక్క నడిచింది. అంటే లోపలే ఒక నెలసరి గడియారం ఉంది. ఇంకో ప్రయోగంలో తల తీసేస్తే, పురుగు చావకపోగా మిగిలిన ఒళ్ళు గబగబా యవ్వనంలోకి వెళ్ళిపోయిందట. మెదడులోంచి వచ్చే ఏదో హార్మోను 'ఆగు, ఇంకా టైముంది' అని ఆపుతోందన్నమాట. ఆ హార్మోను ఏమిటో తేలింది 2016లో. కీటకాలని బాల్యంలోనే ఉంచే హార్మోను కుటుంబానికి చెందినదే అది. అరవై ఏళ్ళకి టికెట్ క్లోజ్!

ఈయన తర్వాత ఆల్బ్రెక్ట్ ఫిషర్ మైంజ్‌లో ఆ పెంపకాన్ని కొనసాగించాడు. ఈగల వాళ్ళకి నోబెల్ బహుమతులు వస్తున్నాయి, ఇక్కడ వీళ్ళు రోజూ ఉప్పునీళ్ళు మారుస్తున్నారు. దశాబ్దాల పాటు ఒక్క తరం కూడా తెగిపోకుండా చూసుకోవడం మాటలు కాదు. మన దగ్గర మూడేళ్ళు ఎవరూ వాడని సర్వర్ కనబడితే డీకమిషన్ రిక్వెస్ట్ పెట్టేస్తాం.

1990లలో రెండు సంగతులు జరిగాయి. మొదటిది, పాపం జెఫ్రువా సమాధిలోంచి లేచి కూర్చునేది. 1994లో జర్మనీకి చెందిన డెట్లెఫ్ ఆరెంట్, నూబ్లర్-యుంగ్ నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు: ఈగ పిండంలో పొట్ట వైపు, వెన్నెముక జీవుల పిండంలో వీపు వైపు, ఒకే జాతి జన్యువులు కనబడుతున్నాయి, పాత వాదన మళ్ళీ చూడాలి అని. మరుసటి ఏడాది కప్ప జన్యువు ఇచ్చే సందేశాన్ని ఈగ పిండంలోకి ఎక్కిస్తే పనిచేసింది, ఈగది కప్పలో కూడా పనిచేసింది. నూట డెబ్భై ఏళ్ళ క్రితం నవ్వులపాలైన తిరగేసిన రొయ్య మళ్ళీ సీరియస్ విషయం అయిపోయింది.

రెండోది 1997. అగినాల్డో, ఇంకా కొందరు కలిసి జంతువుల వంశవృక్షాన్ని అణువుల పోలికలతో తిరిగి గీశారు. అందులో ఈగ, సి. ఎలిగాన్స్ నులిపురుగు ఒకే కొమ్మ మీద కూర్చున్నాయి (రెండూ కుబుసం విడిచే రకాలు). వలయాల పురుగులు నత్తలతో కలిసి వేరే కొమ్మ మీదకి వెళ్ళాయి. క్యువియే కట్టిన శాఖ విరిగిపోయింది. విల్సన్, కాంక్లిన్ కాగితాలు ఎందుకు కలిశాయో అర్థమైంది.

ఇందులో అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో చూడండి. మనిషినీ ఈగనీ పోలుస్తాం. ఒకటి మనిషిలో ఉంది, ఈగలో లేదు. అయితే మనం కొత్తగా చేర్చుకున్నామా, ఈగ పారేసుకుందా? రెండు కాపీల డిఫ్ ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. మూడో కాపీ నులిపురుగు ఉంది కదా, దాంట్లోనూ లేదు కాబట్టి మనమే చేర్చుకున్నాం అనుకుంటూ వచ్చారు. తీరా చూస్తే ఆ రెండూ ఒకే కొమ్మవి. పైగా రెండూ విపరీతంగా కత్తిరించుకున్నవి. ఇద్దరు సాక్షులనుకుంటే ఒకే ఇంటివాళ్ళు! మూడో కొమ్మ నుంచి ఒక సాక్షి కావాలి. అదీ ప్రయోగశాలలో పెంచగలిగేది, గుడ్లు రోజూ దొరికేది, పిండాలు పారదర్శకంగా ఉండేది. అప్పుడు గుర్తొచ్చింది మైంజ్‌లో నీళ్ళు మారుస్తున్నవాళ్ళ పురుగు. ఒక జంట కలిస్తే వందల కొద్దీ, కొన్నిసార్లు వేలల్లో గుడ్లు. అన్నీ ఒకే వేగంతో, ఒకే తీరులో ఎదుగుతాయి. మూడు రోజులకి ఈదే లార్వా తయారు.

ఆరెంట్ హైడెల్‌బర్గ్‌లోని యూరోపియన్ అణు జీవశాస్త్ర ప్రయోగశాలలో దీన్ని పట్టుకున్నాడు. 2004లో కన్ను సంగతి. జంతువుల్లో వెలుతురు పట్టే కణాలు రెండు రకాలు. మన కంట్లో చూపుకి వాడేవి ఒక రకం, కీటకాల కంట్లో ఉండేవి ఇంకో రకం. ఎవరిది వాళ్ళదే అనుకునేవారు. ఈ పురుగు కళ్ళలో కీటకాల రకం ఉంది, మెదడు లోపల మన రకం ఉంది! రెండూ పాతవే, ఉమ్మడి పూర్వీకుడి దగ్గర రెండూ ఉండేవి, ఎవరికి కావలసింది వాళ్ళు కంటికి వాడుకున్నారు అని ఆయన బృందం వాదన.

2005లో వచ్చిన ఇంట్రాన్ల సంగతి నాకు ఇంకా నచ్చింది. ఇంట్రాన్ అంటే జన్యువు కోడ్ మధ్యలో ఉండి, రన్ అయ్యే ముందు కత్తిరించి పడేసే ముక్క. మనిషి జన్యువుల్లో ఇవి బోలెడు. ఈగలో, నులిపురుగులో చాలా తక్కువ. మరి ఇవి మనం చేర్చుకున్న చెత్తా, వాళ్ళు ఊడ్చేసిన చెత్తా? ఫ్లోరియన్ రైబ్లే తదితరులు ప్లాటీనెరీస్ జన్యువుల్ని చదివితే, ఇంట్రాన్లు మనిషిలో ఎక్కడున్నాయో చాలావరకు అక్కడే ఉన్నాయి. వాళ్ళ అంచనా ప్రకారం మన ఇంట్రాన్లలో సుమారు మూడింట రెండు వంతులు ఉమ్మడి పూర్వీకుడి నుంచే వచ్చాయి. అంటే రీఫ్యాక్టరింగ్ చేసింది ఈగ. మనది, ఆ పురుగుది లెగసీ కోడ్! అయిదు వందల మిలియన్ ఏళ్ళకి పైబడిన లెగసీ. ఇకపై ఎవరైనా నా కోడ్ పాతగా ఉందంటే ఈ పేపరే చూపిస్తాను.

2008లో గాష్పార్ యేకెయ్ బృందం చూపించింది ఇంకో ముచ్చట. లార్వా కన్ను రెండే కణాలు. వెలుతురు పట్టేది ఒకటి, ఒకవైపు నీడ పడేలా అడ్డుగా రంగు కణం ఇంకొకటి. వెలుతురు కణం తీగ నేరుగా ఈత వెంట్రుకల కణాలకే తగులుతుంది. మధ్యలో మెదడు ప్రమేయం లేదు. ఆ వైపు వెలుగు పడితే ఆ వైపు వెంట్రుకలు నెమ్మదిస్తాయి, లార్వా అటు తిరుగుతుంది. అంతే. కన్ను లాంటి సంక్లిష్టమైనది మెల్లమెల్లగా ఎలా వస్తుందని డార్విన్ 1859 నాటి పుస్తకంలోనే తనని తాను ప్రశ్నించుకున్నాడు. ఆ మెట్లలో మొదటిది ఎలా ఉండి ఉంటుందో, పనిచేస్తున్న స్థితిలో చూడగలిగాం.

2010లో రాజు తోమర్ మొదటి పేరుగా వచ్చిన పని మన జనాలకి బాగా అర్థమవుతుంది. ఒక్కో లార్వాలో కొద్ది జన్యువులే రంగు వేసి చూడగలం. కానీ 48 గంటల లార్వాలన్నీ అచ్చు గుద్దినట్టుంటాయి కాబట్టి, ఎన్నో లార్వాల చిత్రాల్ని కంప్యూటర్లో ఒకే అచ్చు మీద సరిగ్గా కూర్చోబెట్టి కలిపేశారు. వేరువేరు సర్వర్ల లాగ్స్‌ని ఒకే టైమ్‌లైన్ మీదకి తెచ్చినట్టు. అలా చూస్తే పురుగు మెదడులో వాసన, నేర్చుకోవడంతో సంబంధమున్న భాగపు జన్యు సంతకం, మన మెదడు పైపొర తయారయ్యే ప్రాంతంతో కలిసింది.

2007లో నాడీదండం పేపర్ దీనికన్నా పెద్ద దుమారం. పురుగు పొట్ట వైపు నాడీదండం తయారయ్యేటప్పుడు మధ్య నుంచి అంచుల దాకా జన్యువులు పట్టీలు పట్టీలుగా వెలుగుతాయి. ఆ పట్టీల వరస మన వెన్నుపాము పిండంలో ఉన్న వరసే. ఇక తిరగేస్తే సరి, జెఫ్రువా గెలిచినట్టే!

గెలిచాడా? ఇక్కడ మా మూడో కాపీ గురించి దాచిన ముక్క చెప్పాలి. ఆ చిన్న కస్టమర్ సర్వర్ని ప్రమాణంగా తీసుకుని రెండు వారాలు సవరణలు చేశాం. తర్వాత తెలిసింది, అందులో కూడా ఎప్పుడో ఎవరో ఒక కాంట్రాక్టరు అక్కడికక్కడే కూర్చుని నాలుగు లైన్లు మార్చిపోయాడని. ఎక్కడా ఎంట్రీ లేదు. అప్‌గ్రేడ్ చేయలేదు అన్నదాన్ని మేము మారలేదు అని చదువుకున్నాం.

2018లో నేచర్‌లో మార్టిన్-డురాన్, ఆండ్రియాస్ హెయ్నోల్ బృందం వేసిన ప్రశ్న దాదాపు ఇదే. వాళ్ళు అంతగా ఎవరూ ముట్టని జంతువుల్ని చాలా వెతికారు. వాటిలో ఓవెనియా అనే ఇంకో వలయాల పురుగు కూడా ఉంది. వలయాల పురుగుల వంశంలో అందరికన్నా ముందు విడిపోయిన కొమ్మల్లో ఒకటి అది. దాంట్లో ప్లాటీనెరీస్‌లో కనబడ్డ పట్టీల వరస లేదు. మిగతా చాలా జంతువుల్లోనూ లేదు. కాబట్టి నాడీదండం ఉమ్మడి పూర్వీకుడి నుంచి రాలేదు, వేరువేరు వంశాల్లో విడివిడిగా వచ్చింది, పోలిక కాకతాళీయం అని వాళ్ళ ముగింపు. అటువైపు వాళ్ళు ఒప్పుకోలేదు. ఓవెనియా పారేసుకుని ఉండొచ్చు కదా అంటారు. చూశారా, మళ్ళీ అదే ప్రశ్న: చేర్చుకున్నారా, పారేసుకున్నారా? ఈసారి కోర్టు పురుగుల ఇంట్లోనే.

నా మట్టుకు నాకు ఇంట్రాన్ల వాదన గట్టిగా అనిపిస్తుంది. అన్నేసి చోట్లు కాకతాళీయంగా కలవడం కష్టం. కన్ను వాదన కూడా నమ్మదగ్గదే. నాడీదండం దగ్గర మాత్రం నేను హెయ్నోల్ వైపు కొంచెం మొగ్గుతాను. ఈ పురుగుని 'సజీవ శిలాజం' అని రాసేవాళ్ళంటే నాకు చిరాకు కూడా. మనతో పాటు అదీ అన్నేళ్ళూ బతికింది. కొన్ని ఫైళ్ళు ముట్టుకోలేదు, కొన్ని ముట్టుకుంది. ఏ ఫైలు ఏదో ఒక్కొక్కటే తెరిచి చూసుకోవాలి తప్ప సర్వర్ మొత్తానికి ఒకే ముద్ర వేయడం కుదరదు.

తెరిచి చూసే పని అయితే జోరుగా సాగుతోంది. యేకెయ్ బృందం మూడు రోజుల లార్వాని పల్చటి పొరలుగా కోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసిన చిత్రాల్లో తొమ్మిది వేలకి పైగా కణాల్నీ వాటి మధ్య కనెక్షన్లనీ గుర్తించి ఒంటి మొత్తం వైరింగ్ గీసింది. వియన్నాలో క్రిస్టిన్ టెస్‌మార్-రైబ్లే బృందం హవెన్‌షీల్డ్ గడియారం పని పట్టింది. 2013లో రోజువారీ గడియారాన్ని మందు వేసి ఆపేసినా నెలసరి గడియారం నడుస్తూనే ఉందని చూపించారు. 2022లో ఒక ప్రోటీను దొరికింది. దాని మీద ఎండ పడితే ఒక రూపం, వెన్నెల పడితే ఇంకో రూపం. వెలుగు కనబడగానే సరిపోదు, అది సూర్యుడిదా చంద్రుడిదా అని కూడా పురుగుకి తెలియాలి కదా మరి.

ఇప్పటికీ ఈ పురుగుల్ని పెంచే ల్యాబుల్లో నెలకి కొన్ని రాత్రులు మసక లైటు వెలిగేలా టైమర్ పెడతారు. ఒక క్రాన్ జాబ్. బయట నిజం పౌర్ణమి ఎప్పుడన్నది వాటికి అనవసరం. డబ్బాల్లో ఉన్నవాటికి ఆ టైమరే చంద్రుడు.